లెక్క సూదులది కాదు, చూడిది కావాలి

పాలకేంద్రం దగ్గర తెల్లవారి కాసేపు నిలబడితే ఏ ఊళ్లోనైనా ఈ మాట వినబడుతుంది. "మీ గేదెకు ఎన్నో నెల?" అని ఒకరు అడుగుతారు. "ఎక్కడి నెల! మూడుసార్లు సూది వేయించాం. నిలవలేదు. మళ్లీ పొర్లింది" అని ఇంకొకరు జవాబిస్తారు. అంతటితో ఆ మాట ఆగిపోతుంది. క్యాను పట్టుకుని ఎవరి దారిన వారు వెళ్లిపోతారు.

యూరియా దొరక్కపోతే మనం మండల కేంద్రానికి వెళ్లి అడుగుతాం. ధాన్యం కొనకపోతే రోడ్డెక్కుతాం. పాల ధర తగ్గిస్తే డెయిరీ గేటు ముందు కూర్చుంటాం. గేదె చూడి కట్టకపోతే మాత్రం మన రాత ఇంతేననుకుని ఇంటికి పోతాం. యూరియా లాగే, మద్దతు ధర లాగే ఇదీ రైతు నిలదీసి అడగాల్సిన విషయమని మేము భావిస్తున్నాం. అందుకే ఈ నెల సంపాదకీయాన్ని దీనికి కేటాయించాం. వానలు తగ్గి చలి మొదలయ్యే ఈ నెలల్లోనే గేదెలు ఎక్కువగా ఎదకు వస్తాయి. ఇప్పుడు తప్పిన ఎద ఎండాకాలంలో వెతికినా దొరకదు. కాబట్టి ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఒక్క ఎద తప్పితే ఎంత నష్టం?

ఆవు గానీ గేదె గానీ చూడి కట్టకపోతే సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఆ ఎదను మనం గమనించకపోయినా, వేయించిన సూది నిలవకపోయినా మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజులూ పశువు మేత మానదు. వట్టిపోయిన గేదెకు వరిగడ్డి, పచ్చిమేత, కొద్దిపాటి దాణా కలిపి రోజుకు 120 రూపాయలు అవుతుందనుకుందాం. ఇంట్లోవాళ్ల కూలి ఇందులో కలపలేదు. ఆ లెక్కన ఒక ఎద తప్పితే 2,520 రూపాయలు. మూడు ఎదలు తప్పితే 7,560 రూపాయలు. ఇది చేతి నుంచి పోయే ఖర్చు మాత్రమే. రెండు నెలలు ఆలస్యంగా మొదలయ్యే పాల సొమ్ము దీనికి అదనం.

ఇంకోవిధంగా కూడా లెక్క వేసి చూద్దాం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. మన పెద్దలు పది నెలల పది రోజులని చెప్పేది ఇదే. ఆవుకు సుమారు 280 రోజులు, అంటే తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. ఈనిన మూడు నెలలకు తిరిగి చూడి కడితే గేదె 13 నెలలకు ఒకసారి ఈనుతుంది. ఆ చూడి మరో ఐదు నెలలు ఆలస్యమైతే 18 నెలలకు ఒక ఈత అవుతుంది. తొలి ఈత తర్వాత పదేళ్లు మన కొట్టంలో ఉన్న గేదె మొదటి లెక్కన మరో తొమ్మిదిసార్లు ఈనుతుంది. రెండో లెక్కన ఆరుసార్లే ఈనుతుంది. మూడు ఈతల పాలు, మూడు దూడలు ఎవరూ ఎత్తుకుపోకుండానే మన ఇంట్లోంచి పోతున్నాయి.

వంద పశువులున్న ఫారం యజమానికి ఒక పశువు కట్టకపోతే నూటికి ఒక వంతు నష్టం. రెండు గేదెలున్న ఇంటికి సగం పాడి ఆగిపోతుంది. పిల్లల ఫీజు, పొదుపు సంఘం కిస్తీ, కిరాణా కొట్టు బాకీ ఆ సగం మీదే నడుస్తుంటాయి. కిస్తీ కట్టలేని నెలలో ఆ గేదె సంతకు పోతుంది. చూడి గేదెకు ఒక ధర, వట్టి గేదెకు ఇంకో ధర పలుకుతుందని సంతకు వెళ్లిన ప్రతివాళ్లకూ తెలుసు. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చిన మంచి గేదె, చూడి నిలవలేదన్న ఒక్క కారణంతో కోతకు అమ్ముడుపోవడం మనలో చూడనివారెవరు?

2023-24లో మన దేశంలో 23.93 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తయ్యాయి. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవు జాతి పశువులు 19.25 కోట్లు, గేదె జాతి పశువులు 10.98 కోట్లు ఉన్నాయి. ఈ ఘనతను మోస్తున్నది ప్రధానంగా రెండు మూడు పశువులు కట్టుకున్న ఇళ్లే. ఆ ఇళ్లకు సూది నిలుస్తుందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

సూది అంటే ఏమిటి?

మనం ఎద సూది అని పిలుస్తున్నది నిజానికి సూదీ కాదు, మందూ కాదు. మేలుజాతి ఆంబోతు లేదా దున్నపోతు నుంచి సేకరించిన వీర్యాన్ని పలచన చేసి, పావు మిల్లీలీటరు పట్టే సన్నని స్ట్రాలలో నింపి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో గడ్డకట్టించి దాచిపెడతారు. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలనీ, కరిగించిన తర్వాత వాటిలో కనీసం సగం చురుగ్గా కదలాలనీ ప్రమాణం. మన రెండు రాష్ట్రాల్లో విశాఖపట్నం, నంద్యాల, కరీంనగర్ వంటి చోట్ల ఇందుకోసం ప్రభుత్వ వీర్య కేంద్రాలు ఉన్నాయి.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో డాక్టర్ సంపత్ కుమారన్ మన దేశంలో తొలిసారి ఈ పని చేశారు. 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు గ్లిసరిన్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా చావవని కనిపెట్టాక, వీర్యాన్ని ఏళ్ల తరబడి నిలవ ఉంచడం సాధ్యమైంది. అప్పటి నుంచి ఎక్కడో పుట్టిన మేలుజాతి పోతు సంతానం మన కొట్టంలోకి రాగలుగుతోంది.

చిన్న రైతుకు ఇది నిజంగా మేలు చేసే విద్య. రెండు గేదెల కోసం దున్నపోతును మేపలేం. ఊళ్లో ఉన్న ఒక్క పోతునే అన్నిటికీ దాటిస్తే గర్భాశయ రోగాలు, పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ వంటివి ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పాకుతాయి. రోగ పరీక్షలు చేసిన పోతుల వీర్యం వాడితే ఆ భయం తగ్గుతుంది. కాబట్టి సూది వద్దు, పోతే మేలు అనే వాదన మాది కాదు. సూది నిలిచేలా చేయండి అన్నదే మా వాదన.

ఐదు కట్లున్న గొలుసు

మన దేశంలో సగటున మూడు సూదులకు ఒక చూడి నిలుస్తోంది. ఎందుకింత తక్కువ? తప్పు ఎవరిది? డాక్టరుదని రైతు అంటాడు. రైతు ఆలస్యంగా చెప్పాడని సూది వేసినాయన అంటాడు. స్ట్రా మంచిది కాదని ఇద్దరూ అంటారు. నిజానికి ఇది ఐదు కట్లున్న గొలుసు. ఎదను సరిగ్గా కనిపెట్టాలి. సమయానికి మనిషి రావాలి. స్ట్రాలో వీర్యం బతికి ఉండాలి. దాన్ని సరైన చోట వేయాలి. పశువు ఆరోగ్యంగా ఉండాలి.

ఒక్కో పని నూటికి 80 సార్లు సరిగ్గా జరుగుతోందని అనుకుందాం. విడిగా చూస్తే మంచి మార్కులే. కానీ ఐదూ కలిసి సరిగ్గా జరిగేది నూటికి 33 సార్లే. ఒక్కో పనిని 90కి పెంచగలిగితే అది 59 అవుతుంది. ఇది అర్థం కావడానికి చెప్పిన లెక్క మాత్రమే. ప్రకృతి దానికది పెట్టే హద్దులు వేరే ఉంటాయి. అయినా ఒక సంగతి దీంతో తేలుతుంది. ఎవరో ఒకరి మీద నెపం పెట్టి ఊరుకుంటే చూడి నిలవదు. ఐదు కట్లనూ గట్టి చేసుకోవాలి.

మొదటి కట్టు ఎద. ఆవు అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, మాటిమాటికి మూత్రం పోస్తుంది, మానం నుంచి అద్దంలా తేటగా తీగలు వేస్తుంది. తోటి పశువు మీదికి ఎక్కుతుంది. తన మీదికి ఇంకోటి ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే. కానీ ఒక్క పశువునే గుంజకు కట్టేసిన ఇంట్లో ఎక్కడానికి తోడేది? మందలో కనబడే గుర్తు ఒంటి పశువులో కనబడదు. చిన్న రైతుకున్న అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. గేదెల్లో ఇది ఇంకా కష్టం. చాలా గేదెలది మూగ ఎద. అరవవు, ఎక్కవు. రాత్రిపూటో తెల్లవారుజామునో ఎదకు వచ్చి, మనం లేచేసరికి మామూలుగా నెమరు వేస్తుంటాయి. పడుకున్నచోట తీగలు పడ్డాయేమో, తోకకు అంటుకుని ఆరిపోయాయేమో చూస్తే తప్ప తెలియదు.

ఆ చూసేది ఎవరు? పేడ తీసేది, పాలు పితికేది, కుడితి పెట్టేది మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లు. ఎద గుర్తు మొదట వారి కంటే పడుతుంది. పశు శిక్షణ తరగతులకు మాత్రం పట్టాదారు పాస్‌బుక్కులో పేరున్న మగవాళ్లను పిలుస్తున్నాం. మన సంఘం సమావేశాల్లోనూ ఇదే జరుగుతోంది. ఈ తప్పులో మా వంతూ ఉందని ఒప్పుకుంటున్నాం.

రెండో కట్టు సమయం. ఆవులో ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. అండం విడుదలయ్యేది ఎద ముగిసిన తర్వాత 10, 12 గంటలకు. అందుకే ఉదయం ఎద గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలని చెబుతారు. మరీ ముందు వేసినా, మరీ వెనక వేసినా ఫలితం ఉండదు. కానీ ఎదకు ఆదివారం తెలియదు, పండగ తెలియదు. శనివారం సాయంత్రం ఎదకు వచ్చిన గేదెకు సోమవారం మధ్యాహ్నం సూది వేస్తే, అది రికార్డులో ఒక సూది. రైతుకు ఒక నెల నష్టం.

మూడో కట్టు స్ట్రా. ద్రవ నత్రజని మూత పెట్టిన క్యానులో ఉన్నా రోజూ కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. సమయానికి మళ్లీ నింపకపోతే లోపలి వీర్యం చచ్చిపోతుంది. ఒకసారి వేడి తగిలిన స్ట్రాను తిరిగి నత్రజనిలో ముంచినా బతకదు. బతికిన స్ట్రా, చచ్చిన స్ట్రా చూపుకు ఒకేలా ఉంటాయి. వాడేటప్పుడు 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచి కరిగించాలి. అరచేతుల మధ్య రుద్దడం, చొక్కా జేబులో వేసుకుని రావడం పద్ధతి కాదు. ముందు ఇంటి దగ్గర కరిగించి తర్వాతి ఇంట్లో వేయడమూ పద్ధతి కాదు.

నాలుగో కట్టు చెయ్యి. వీర్యాన్ని గర్భాశయ ముఖద్వారం దాటించి, గర్భాశయం మొదట్లో వదలాలి. కంటికి కనబడని ఈ పనిని వేళ్ల స్పర్శతోనే చేయాలి. కొద్ది నెలల శిక్షణతో మొదలైనా, ఈ నేర్పు పశువుల మీద చేసి చేసి, పక్కన అనుభవజ్ఞుడు ఉండి సరిదిద్దితేనే వస్తుంది. సూది వేసేటప్పుడు పశువు బెదిరి తన్నుకుంటుంటే ఎంత నేర్పరి అయినా గురి తప్పుతాడు. పశువును నిలబెట్టడానికి ఇనుప బోను లేని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఐదో కట్టు పశువు ఆరోగ్యం. ఒట్టి వరిగడ్డి మీద బతికే గేదె ఎదకే రాదు. వచ్చినా నిలవదు. పచ్చిమేతతో పాటు రోజుకు 30 నుంచి 50 గ్రాముల లవణ మిశ్రమం దాణాలో కలపాలి. నట్టల మందు వేళకు పట్టించాలి. తీగల్లో చీము కనబడితే ఆ ఎదకు సూది వేయించకుండా ముందు డాక్టరుకు చూపించాలి. ఎండాకాలంలో గేదెను నీళ్లలోనో నీడలోనో ఉంచాలి. ఇవి రైతు చేతిలో ఉన్న పనులే. కాదనలేం.

నమోదు కాని నష్టం

ఇటీవల మా సభ్యురాలు ఒకరు తన గేదె సంగతి చెప్పారు. ఉన్నవి రెండు గేదెలు. ఒకటి పాలిస్తోంది. రెండోది ఎదకు వచ్చినప్పుడల్లా ఫోను చేసి మూడుసార్లు సూది వేయించారు. మూడోసారి తర్వాత ఎద మళ్లీ కనబడలేదు. చూడి కట్టిందనుకుని ఆమె దాణా పెంచారు. పొదుపు సంఘంలో ఈత నెల చూసుకుని అప్పు తీసుకున్నారు. ఏడు నెలలు గడిచినా పొట్ట దిగకపోతే పశువైద్య శిబిరానికి తోలుకెళ్లారు. చెయ్యి పెట్టి చూసిన డాక్టరు గర్భం ఖాళీగా ఉందన్నారు.

ఆమె గేదె చెవికి పన్నెండు అంకెల ట్యాగు ఉంది. వేసిన మూడు సూదులూ కంప్యూటర్‌లో నమోదయ్యాయి. చూడి పరీక్ష చేసినట్టు గానీ, చూడి లేదని గానీ ఎక్కడా నమోదు కాలేదు. అంటే ఆ గేదె విషయంలో ప్రభుత్వ లెక్క ప్రకారం మూడు సేవలు అందాయి. ఆమె లెక్క ప్రకారం ఏడు నెలలు పోయాయి. ఆ ఊరి పేరు మేము రాయడం లేదు. ఇది చదువుతున్నవారిలో చాలామంది ఇది తమ ఊరి కథే అనుకుంటారు గనక.

అసలు విషయం ఇక్కడుంది. 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్ మొదలైంది. 2019 సెప్టెంబరులో, సూదులు తక్కువగా వేస్తున్న జిల్లాల కోసం దేశవ్యాప్త కృత్రిమ గర్భోత్పత్తి కార్యక్రమం మొదలైంది. రైతు గడప దగ్గరే ఉచితంగా సూది వేయడం మంచి ఉద్దేశమే. మేము దాన్ని స్వాగతిస్తాం. కానీ సమీక్షా సమావేశంలో అధికారిని అడిగే మొదటి ప్రశ్న, ఈ నెల ఎన్ని సూదులు వేశారన్నదే. ఎన్ని పశువులు చూడి కట్టాయి, ఎన్ని దూడలు పుట్టాయి అన్న ప్రశ్న ఎప్పుడో గానీ రాదు. వాటిని రాయడానికి నమోదు పద్ధతిలో గడులున్నాయి. ఆ గడులు నింపించే పట్టుదలే లేదు. లక్ష్యం సూదుల మీద పెడితే సూదులే వస్తాయి, దూడలు రావు.

ఇదే లెక్క రైతుకు ఇంకో అన్యాయం కూడా చేస్తోంది. ఒక గేదెకు ఒకే సూదితో చూడి నిలిస్తే లెక్కలో ఒకటి పడుతుంది. నాలుగు సూదులు వేసినా నిలవకపోతే లెక్కలో నాలుగు పడతాయి. రైతు ఎంత నష్టపోతే రికార్డు అంత ఘనంగా కనబడే లెక్క ఇది. ఇలాంటి లెక్కను మార్చమనడం తప్పా?

సూది వేసే చేతితో మనకు తగువు లేదు

ఈ విమర్శ సూది వేసే మనిషి మీదికి తోసేయడానికి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో గోపాలమిత్రలు మన ఊరి పిల్లలే. చాలీచాలని గౌరవ వేతనంతో, సొంత బండికి సొంత పెట్రోలు పోసుకుని, చంకకు క్యాను తగిలించుకుని ఊరూరూ తిరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాక పశుసంవర్ధక సహాయకులను నియమించారు. ఆ పిల్లలను పశువు పని నుంచి తప్పించి సర్వేలకు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనులకు తిప్పుతుంటే గేదె ఎద సమయానికి వారు ఎలా రాగలరు? తెలంగాణలోనైనా, ఆంధ్రలోనైనా, రేపటికి ఈ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి నుంచి ఏళ్ల తరబడి సాధనతో వచ్చే నేర్పును ఆశించడం న్యాయం కాదు. రైతుకు చూడి నిలవాలంటే ముందు ఆ మనిషి బతుకు నిలవాలి. వారి పోరాటం మన పోరాటంలో భాగమేనని మా సంఘం నమ్ముతోంది.

ఆడదూడల స్ట్రా, మన జాతులు

ఈ మధ్య లింగ నిర్ధారిత వీర్యం గురించి ఎక్కువగా వింటున్నాం. దీనితో పుట్టే దూడల్లో నూటికి సుమారు 90 ఆడవే ఉంటాయి. మగదూడను ఏం చేయాలో తెలియని కాలంలో ఇది ఆశ పుట్టించే విషయమే. అయితే ఒక సంగతి తెలుసుకుని వాడాలి. వేరు చేసే పద్ధతిలో వీర్యకణాలు కొంత దెబ్బతింటాయి. ఒక్కో స్ట్రాలో వేసే కణాల సంఖ్య కూడా మామూలు స్ట్రాకంటే చాలా తక్కువ. అందుకే చూడి నిలిచే అవకాశమూ తగ్గుతుంది. క్రమంగా ఎదకు వచ్చే, ఆరోగ్యంగా ఉన్న పెయ్యకో పడ్డకో దీన్ని వేయించవచ్చు. నాలుగుసార్లు పొర్లిన పశువుకు ఈ ఖరీదైన స్ట్రా అంటగట్టడం మోసమవుతుంది. ఈ తేడా రైతుకు ముందే చెప్పి తీరాలి.

జాతి విషయంలోనూ రైతు మాటే చెల్లాలి. మన ఒంగోలు జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో లక్షల మందలుగా పెరిగింది. మన ఊళ్లో ఒంగోలు ఆవున్న రైతు ఒంగోలు స్ట్రా అడిగితే, క్యానులో ఏది ఉంటే అది వేసి పోవడం న్యాయమేనా? ఇంకో ముఖ్యమైన సంగతి. ప్రతి స్ట్రా మీద పోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది. అది రాసుకోకపోతే, మూడేళ్ల తర్వాత మన పెయ్యకు దాని తండ్రి వీర్యమే వేయించే ప్రమాదం ఉంది. రెండు మూడు పశువులున్న ఇంట్లో అలా జరుగుతూ పోతే మంద దెబ్బతింటుంది. పుట్టేవి బలహీనంగా పుడతాయి. పాలు తగ్గుతాయి, చూడి ఇంకా కష్టమవుతుంది.

మా కోరికలు

రెండు రాష్ట్ర ప్రభుత్వాల ముందు మేము ఈ కోరికలు పెడుతున్నాం.

ఒకటి. గ్రామాల వారీగా ఎన్ని సూదులు వేశారు, ఎన్ని చూడి కట్టాయి, ఎన్ని దూడలు పుట్టాయి అన్న మూడు అంకెలనూ మూడు నెలలకొకసారి గ్రామసభలో చదివి వినిపించాలి.

రెండు. సూది వేసిన ప్రతి పశువుకూ రెండు నుంచి మూడు నెలల మధ్య ఊళ్లోనే ఉచితంగా చూడి పరీక్ష చేయాలి. మూడుసార్లు నిలవని పశువును పశువైద్యుడు స్వయంగా వచ్చి చూడాలి.

మూడు. సూది వేసిన తేదీ, జాతి, పోతు నంబరు రాసిన కార్డు ప్రతి రైతు ఇంట్లో ఉండాలి. కంప్యూటర్‌లో ఉంటే చాలదు.

నాలుగు. ద్రవ నత్రజని సరఫరాకు తేదీలు ఖరారు చేయాలి. క్యానులో మట్టం కొలిచి రాసే పుస్తకం రైతు అడిగితే చూపించాలి.

ఐదు. సూది వేసే సిబ్బందికి బతకడానికి చాలే స్థిరమైన జీతం, పెట్రోలు ఖర్చు, ఉద్యోగ భద్రత ఇవ్వాలి. దానిపైన ఇచ్చే ప్రోత్సాహకాన్ని సూదికి కాకుండా చూడికీ, దూడకీ ముడిపెట్టాలి. జీతం ఎగ్గొట్టి ఫలితానికే డబ్బులిస్తామంటే దూరపు ఊళ్లకు, బక్కచిక్కిన పశువుల దగ్గరికి ఎవరూ రారు. ఆదివారాలు, పండగల్లో వంతుల వారీగా ఒకరు అందుబాటులో ఉండాలి.

ఆరు. ఎద గుర్తించడంపై పాడి చేసే మహిళలకు ఊళ్లోనే శిక్షణ ఇవ్వాలి. చిన్న రైతులకు లవణ మిశ్రమం రాయితీపై అందించాలి. ఊరికొక ఇనుప బోను ఏర్పాటు చేయాలి.

ఏడు. సమయానికి మనిషి చేరలేని ఏజెన్సీ గూడేలకు, మారుమూల తండాలకు రోగ పరీక్షలు చేసిన మేలైన పోతులను ఇవ్వాలి. వాటి మేత ఖర్చు ప్రభుత్వం భరించాలి.

వీటిలో కొత్త కనిపెట్టాల్సిన శాస్త్రం ఏదీ లేదు. పెద్ద ప్రాజెక్టుల ఖర్చూ లేదు. లెక్క అడిగే పద్ధతి మారితే చాలావరకు అవే దారికి వస్తాయి.

మన వంతు

ప్రభుత్వం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. మనందరి ఇళ్లలోనూ గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. గేదె ఎదకు వచ్చిన రోజున ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీయండి. సూది వేయించిన పూట, పోతు నంబరు పక్కనే రాయండి. అక్కడి నుంచి 18వ రోజు మొదలు 24వ రోజు వరకు తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు లాంతరో టార్చో పట్టుకుని తోక కింద చూడండి. ఎద కనబడలేదని చూడి నిలిచినట్టు కాదు. మూగ ఎద కావచ్చు. మూడో నెల నిండకముందే పరీక్ష చేయించండి. సూది వేసే మనిషి వచ్చినప్పుడు స్ట్రా మీది నంబరు చదివి చెప్పమని అడగండి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూడండి. కొత్త గొట్టం తొడిగాడో లేదో గమనించండి. మర్యాదగా అడిగితే మంచి పనివాడు కోపగించుకోడు.

సంఘం గ్రామ శాఖలకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ నెలే మహిళా సభ్యులతో కలిపి సమావేశం పెట్టండి. ఒక మామూలు నోటు పుస్తకం తీసుకుని నాలుగు గడులు గీయండి. ఇంటి పేరు, పాడి పశువులు ఎన్ని, వేయించిన సూదులు ఎన్ని, పరీక్షలో తేలిన చూడి ఎన్ని. సంక్రాంతి దాటాక ఆ పుస్తకాలన్నీ మండల శాఖకు చేరాలి. వాటిని పట్టుకుని పశుసంవర్ధక శాఖ అధికారుల దగ్గరికి వెళ్దాం. వారి దగ్గర సూదుల లెక్క ఉంటుంది. మన దగ్గర చూడి లెక్క ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి అడుగుదాం.

పాలకేంద్రం దగ్గర "నిలవలేదు" అన్న మాట రేపు కూడా వినబడుతుంది. ఈసారి దాన్ని అక్కడే వదిలేసి క్యాను ఎత్తుకుని వెళ్లిపోవద్దు. ఏ తేదీన వేయించారు, ఏ నంబరు, ఎన్నోసారి అని అడిగి పుస్తకంలో రాయండి.